రెసిడెన్సీ పూర్తయ్యాక కుటుంబ వైద్యుల దారి ఎటు?

వెయ్యి మంది పెద్దవాళ్లున్న ఒక ఊరిని ఊహించుకోండి. ఒక నెల రోజుల్లో వారిలో ఎంతమందికి ఒంట్లో నలతగా ఉంటుంది? ఎంతమంది డాక్టరు దగ్గరికి వెళ్తారు? ఎంతమంది ఆసుపత్రిలో చేరతారు?

1961లో కెర్ వైట్, ఆయన సహచరులు అమెరికా, బ్రిటన్‌ల సమాచారంతో ఈ ప్రశ్నకు జవాబు వెతికారు. వెయ్యి మందిలో సుమారు 750 మంది ఆ నెలలో ఏదో ఒక అనారోగ్యం కలిగిందని చెబుతారు. డాక్టరును కలిసేది 250 మంది. ఆసుపత్రిలో చేరేది 9 మంది. మరో డాక్టరు దగ్గరికి రిఫర్ అయ్యేది 5 మంది. విశ్వవిద్యాలయ స్థాయి పెద్దాసుపత్రికి చేరేది ఒక్కరు. నలభై ఏళ్ల తర్వాత, 2001లో, అమెరికాలో మరో బృందం ఇదే లెక్కను కొత్త సమాచారంతో చేసినప్పుడు కూడా చిత్రం దాదాపు అలాగే వచ్చింది.

ఇప్పుడు మరో ప్రశ్న. మన వైద్య విద్యార్థులు ఐదారేళ్లు ఎక్కడ చదువుకుంటారు? ఎక్కువ భాగం ఆ చివరి 'ఒక్కరు' చేరే పెద్దాసుపత్రి వార్డుల్లోనే. డాక్టరును కలిసే మిగతా వందల మందిని చూడటం నేర్చుకునేది ఎక్కడ? ఆ ఖాళీని పూరించడానికి వచ్చిన ప్రత్యేక శాఖే ఫ్యామిలీ మెడిసిన్, అంటే కుటుంబ వైద్యం. మన దేశంలో ఈ శాఖలో పీజీ చేసి బయటికి వస్తున్న యువ వైద్యులు ఉన్నారు. కానీ శిక్షణ పూర్తయిన మర్నాటి నుంచి వాళ్లు ఏం చేస్తారన్నది చాలామందికి తెలియదు. 'ఇంతకీ మీరు దేనికి స్పెషలిస్టు?' అన్న ప్రశ్న వాళ్లకు ఇంట్లోనూ ఎదురవుతుంది, ఉద్యోగ ఇంటర్వ్యూలోనూ ఎదురవుతుంది.

మూడేళ్లలో ఏం నేర్చుకుంటారు?

ఎంబీబీఎస్ తర్వాత నీట్ పీజీ రాసి ఈ కోర్సులో చేరతారు. మన దేశంలో దీనికి ప్రధానంగా రెండు దారులు. ఒకటి, నేషనల్ బోర్డ్ ఆఫ్ ఎగ్జామినేషన్స్ ఇచ్చే డీఎన్‌బీ ఫ్యామిలీ మెడిసిన్. రెండోది, వైద్య కళాశాలలు ఇచ్చే ఎండీ ఫ్యామిలీ మెడిసిన్. రెండూ మూడేళ్ల కోర్సులే. ఎండీని మొదట ప్రారంభించిన ప్రభుత్వ కళాశాలగా కోళికోడ్ వైద్య కళాశాలకు పేరుంది. 2020లో నేషనల్ బోర్డ్ రెండేళ్ల డిప్లొమానూ ప్రవేశపెట్టింది. ఇప్పటికే ప్రాక్టీసులో ఉన్న ఎంబీబీఎస్ డాక్టర్ల కోసం వెల్లూరు సీఎంసీ దూరవిద్యలో పీజీ డిప్లొమా నడిపింది.

ఈ రెసిడెన్సీ ఒకే వార్డులో గడిచేది కాదు. కొన్ని నెలలు జనరల్ మెడిసిన్, కొన్ని నెలలు పిల్లల వార్డు, ఆ తర్వాత లేబర్ రూమ్, సర్జరీ, ఎముకల విభాగం, ఎమర్జెన్సీ, చర్మం, మానసిక వైద్యం, కళ్లు, చెవి ముక్కు గొంతు, ఇలా విభాగాలు తిరుగుతూ సాగుతుంది. థీసిస్ కూడా రాయాలి. ఒక విభాగంలో అట్టడుగు దాకా వెళ్లడం కాదు ఇక్కడి ఉద్దేశం. ఏ వయసు మనిషి ఏ బాధతో వచ్చినా ఏది ఇక్కడే నయమవుతుందో, దేన్ని కనిపెట్టుకుని ఉండాలో, దేన్ని వెంటనే పంపించాలో తేల్చగలగడం నేర్చుకోవాలి.

దీన్ని రెండు ఇతర శాఖలతో కలిపి పొరబడుతుంటారు. జనరల్ మెడిసిన్ పెద్దవాళ్ల అంతర్గత వ్యాధులకు సంబంధించినది. పిల్లలు, గర్భిణులు దాని పరిధిలోకి రారు. కమ్యూనిటీ మెడిసిన్ జనాభాను చూస్తుంది: మండలంలో టీకాలు ఎంతమందికి అందాయి, ఏ వాడలో విరేచనాలు పెరిగాయి అన్నవి దాని ప్రశ్నలు. కుటుంబ వైద్యం ఎదురుగా కూర్చున్న మనిషిని, ఆ మనిషి వెనకున్న ఇంటిని చూస్తుంది.

'అన్నీ కొంచెం కొంచెం' తెలిస్తే చాలా?

కుటుంబ వైద్యం మీద తరచూ వినిపించే విమర్శ ఇది: అన్నీ కొంచెం కొంచెం తెలిసిన డాక్టరు, దేనిలోనూ పూర్తి పట్టు ఉండదు. ఇది ఎందుకు సరికాదో ఒక చిన్న లెక్కతో చూద్దాం.

ఒక జబ్బును పట్టే పరీక్ష ఉందనుకుందాం. జబ్బున్న 100 మందిలో 90 మందిని అది సరిగ్గా పడుతుంది. జబ్బు లేని 100 మందిలో 90 మందికి 'లేదు' అని సరిగ్గా చెబుతుంది, 10 మందికి మాత్రం పొరపాటున 'ఉంది' అంటుంది. ఈ పరీక్షను రెండు చోట్ల వాడదాం.

మొదటిది ఊళ్లోని క్లినిక్. ఇక్కడికి వచ్చే 1000 మందిలో ఆ జబ్బు నిజంగా ఉన్నవాళ్లు 10 మంది. పరీక్ష వారిలో 9 మందిని పడుతుంది. జబ్బు లేని 990 మందిలో 99 మందికి తప్పుగా 'ఉంది' అంటుంది. అంటే 'ఉంది' అని తేలిన 108 మందిలో నిజంగా జబ్బున్నది 9 మందికే. పన్నెండు మందిలో ఒకరన్నమాట.

రెండోది నగరంలోని స్పెషాలిటీ ఆసుపత్రి. ఇక్కడికి జల్లెడ పట్టి పంపిన రోగులే వస్తారు కాబట్టి 1000 మందిలో 400 మందికి ఆ జబ్బు ఉందనుకుందాం. పరీక్ష 360 మందిని పడుతుంది. మిగతా 600 మందిలో 60 మందికి తప్పుగా చెబుతుంది. 'ఉంది' అని తేలిన 420 మందిలో 360 మందికి నిజంగానే జబ్బుంది. అంటే ఏడుగురిలో ఆరుగురు.

పరీక్ష మారలేదు, యంత్రం మారలేదు. మారింది ఎదురుగా ఉన్న జనం. అయినా ఫలితానికి అర్థం పూర్తిగా మారిపోయింది. గణితంలో దీన్ని బేయీస్ సిద్ధాంతం అంటారు. పెద్దాసుపత్రిలో అలవాటైన ఆలోచనను యథాతథంగా ఊరి క్లినిక్‌కు తెస్తే, అవసరం లేని స్కాన్‌లు, వాటి వెనకే అవసరం లేని భయాలు, ఖర్చులు వస్తాయి. దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. రోజూ గ్యాస్ నొప్పులే చూసే డాక్టరు, ఆ వరుసలో ఒకరోజు వచ్చిన గుండెపోటును కూడా గ్యాస్ నొప్పే అనుకోవచ్చు. అరుదైన ప్రమాదాన్ని మామూలు జబ్బుల గుంపులోంచి ఏరి పట్టడం ఒక ప్రత్యేక నైపుణ్యం. మూడేళ్ల శిక్షణ అందుకే.

ఒకే డాక్టరు, ఏళ్ల తరబడి

ప్రాథమిక వైద్యం మీద జీవితకాలం పరిశోధన చేసిన బార్బరా స్టార్‌ఫీల్డ్ దానికి నాలుగు లక్షణాలు చెప్పారు. రోగి మొదట వచ్చే చోటు అదే కావాలి. ఆ సంబంధం ఏళ్ల తరబడి కొనసాగాలి. సాధారణ అవసరాలన్నీ అక్కడ తీరాలి. వేరే చోటికి పంపినప్పుడు అన్నింటినీ కలిపి చూసే బాధ్యత అక్కడే ఉండాలి.

వీటిలో రెండోదాని మీద ఆసక్తికరమైన ఆధారాలున్నాయి. నార్వేలో ప్రతి పౌరుడికీ ఒక నిర్ణీత డాక్టరు ఉంటారు. సుమారు 45 లక్షల మంది రికార్డులను అక్కడి పరిశోధకులు పరిశీలించారు. ఒకే డాక్టరు దగ్గర 15 ఏళ్లకు పైగా ఉన్నవాళ్లను, ఏడాది పరిచయమే ఉన్నవాళ్లతో పోల్చారు. పాత పరిచయం ఉన్నవాళ్లలో వేళకాని వేళ వైద్యం కోసం పరుగెత్తడం దాదాపు 30 శాతం, ఆసుపత్రిలో చేరడం 28 శాతం, మరణాలు 25 శాతం తక్కువగా కనిపించాయి. 2018లో వచ్చిన మరో సమీక్ష తొమ్మిది దేశాల్లో జరిగిన 22 అధ్యయనాలను పరిశీలించింది. వాటిలో 18 ఇదే దిశను చూపాయి.

ఇవన్నీ పరిశీలనాత్మక అధ్యయనాలు. రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి మరొకదానికి కారణమని తేలిపోదు. ఒకే ఊళ్లో స్థిరంగా ఉండే మనుషుల జీవితాలే కొంత భిన్నంగా ఉండవచ్చు. అయితే కాలం పెరిగేకొద్దీ లాభమూ మెట్టుమెట్టుగా పెరగడం వల్ల పరిశోధకులు ఈ సంబంధాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం లేదు.

మూడు మాత్రలు, మూడు చీటీలు

నాలుగో లక్షణం, అంటే అన్నింటినీ కలిపి చూడటం, ఎందుకు ముఖ్యమో ఒక ఉదాహరణతో చూద్దాం. ఇది ఊహించిన ఉదాహరణే కానీ ఇలాంటి అమ్మమ్మ మన ప్రతి బంధువర్గంలోనూ ఉంటుంది.

అరవై ఎనిమిదేళ్ల ఆవిడకు బీపీ ఉంది. గుండె డాక్టరు టెల్మిసార్టాన్ రాశారు. కాళ్ల వాపులు వస్తే మరో చోట, నీరు మూత్రంలో పోయేందుకు మాత్ర ఇచ్చారు. మోకాళ్ల నొప్పికి ఎముకల డాక్టరు వారం రోజులకు రాసిన డైక్లోఫెనాక్‌ను, తగ్గిందన్న నమ్మకంతో మందుల షాపులో అడిగి నెలల తరబడి వేసుకుంటోంది. మూడు చీటీల్లో దేనికదే తప్పు కాదు.

మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే చిన్న చిన్న కేశనాళికల గుచ్ఛాలుంటాయి. వడపోత జరగాలంటే వాటిలో తగినంత పీడనం ఉండాలి. లోపలికి వచ్చే గొట్టం ఎంత తెరుచుకుంది, బయటికి పోయే గొట్టం ఎంత బిగిసింది, మొత్తంగా ఎంత ద్రవం ప్రవహిస్తోంది అన్న మూడింటి మీద ఆ పీడనం ఆధారపడుతుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు లోపలికి వచ్చే నాళాన్ని బిగిస్తాయి. టెల్మిసార్టాన్ తరహా మందులు బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తాయి. నీటి మాత్ర మొత్తం ద్రవాన్నే తగ్గిస్తుంది. మూడూ కలిసినప్పుడు, అందునా వేసవిలో వాంతులో విరేచనాలో తోడైతే, వడపోత పీడనం పడిపోయి మూత్రపిండం హఠాత్తుగా దెబ్బతినవచ్చు. వైద్యులకు ఇది బాగా తెలిసిన ప్రమాదమే. అయితే మూడు చీటీలను ఒకే బల్ల మీద పరిచి చూసే మనిషి ఉండాలి. (ఇది చదివి ఎవరూ బీపీ మందు సొంతంగా మానేయకూడదు. మార్చాల్సింది ఏదో డాక్టరే చెప్పాలి.)

ఆ బల్ల ముందు కూర్చోవడానికి తయారైన డాక్టరు, శిక్షణ తర్వాత ఎక్కడికి వెళ్తున్నారు? ఒక్కో దారినీ చూద్దాం.

మొదటి దారి: సొంత క్లినిక్

కొందరు సొంత ఊళ్లోనో, నగరంలోని కాలనీలోనో క్లినిక్ పెడతారు. ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే పద్ధతీ ఉంది. శిక్షణకు ఇది సూటిగా సరిపోయే దారి. అయినా ఇక్కడ చిక్కు ఆర్థికమైనది. బ్రిటన్‌లో రోగి ముందు తన జీపీ దగ్గర నమోదు చేసుకోవాలి. అత్యవసరాలు తప్పిస్తే స్పెషలిస్టును కలవడానికి సాధారణంగా ఆ జీపీ రిఫరెన్సు కావాలి. మన దగ్గర అలాంటి నియమం లేదు. ఛాతీలో నొప్పి వస్తే నేరుగా గుండె ఆసుపత్రికి, తలనొప్పి వస్తే నేరుగా న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్లవచ్చు. పైగా మన ఫీజుల విధానం చేసిన పనికే డబ్బు ఇస్తుంది. స్కాన్‌కు, ఆపరేషన్‌కు ధర ఉంది. 'స్కాన్ అక్కర్లేదు, పది రోజులు చూద్దాం' అని అరగంట కూర్చోబెట్టి వివరించిన దానికి విడిగా ధర లేదు. నిలదొక్కుకోవడానికి ఏళ్లు పడుతుంది. నిలదొక్కుకున్నాక మాత్రం తాతను, తండ్రిని, మనవణ్ని చూసే క్లినిక్ అవుతుంది.

రెండో దారి: చిన్న ఊళ్ల ఆసుపత్రులు

ముప్పై నుంచి వంద పడకలుండే ధర్మాసుపత్రులు, మిషన్ ఆసుపత్రులు, స్వచ్ఛంద సంస్థల ఆసుపత్రులు దేశంలో చాలా ఉన్నాయి. వాటికి పది మంది స్పెషలిస్టులను పెట్టుకునే స్తోమత ఉండదు. వార్డు రౌండ్లు చూసి, ప్రసవం చేసి, విరిగిన చెయ్యికి కట్టు వేసి, పాము కాటు రోగిని రాత్రంతా కనిపెట్టుకుని ఉండగల డాక్టరు అక్కడ కావాలి. కుటుంబ వైద్యులకు నిజమైన గౌరవం దొరికే చోట్లలో ఇవి ముందుంటాయి. పట్టణ పేదలకూ ఇదే నమూనాను తెచ్చిన ఉదాహరణ వెల్లూరులో ఉంది. అక్కడ సీఎంసీ 1980ల నుంచి 'తక్కువ ఖర్చుతో మేలైన వైద్యం' పేరుతో ఒక యూనిట్ నడుపుతోంది. దాన్ని చూసుకునేది కుటుంబ వైద్య విభాగమే.

మూడో దారి: ప్రభుత్వ సర్వీసు

అవసరం అన్నిటికన్నా ఎక్కువగా ఉన్నది ఇక్కడే. చిక్కుముడీ ఇక్కడే ఉంది.

మైదాన ప్రాంతాల్లో 30 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, లక్షా 20 వేల మందికి ఒక సామాజిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది జాతీయ ప్రమాణం. సామాజిక ఆరోగ్య కేంద్రంలో సర్జన్, ఫిజీషియన్, స్త్రీ వైద్య నిపుణులు, పిల్లల డాక్టరు ఉండాలి. 2021-22 గ్రామీణ ఆరోగ్య గణాంకాల ప్రకారం దేశంలోని గ్రామీణ సామాజిక కేంద్రాల్లో ఈ స్పెషలిస్టుల కొరత దాదాపు 80 శాతం. నాలుగు కుర్చీలుంటే మూడుకు పైగా ఖాళీ అన్నమాట.

ఈ నలుగురి పనిలో చెప్పుకోదగ్గ భాగాన్ని చేయగల శిక్షణ కుటుంబ వైద్యుడికి ఉంది. కానీ పోస్టుల జాబితాలో ఆ పేరే చాలాచోట్ల లేదు. దాంతో మూడేళ్లు పీజీ చేసిన వ్యక్తి సర్వీసులో చేరాలంటే ఎంబీబీఎస్ అర్హతతో మెడికల్ ఆఫీసర్‌గానే చేరాల్సి వస్తోంది. రైల్వే ఆసుపత్రులకు, కేంద్ర ఆరోగ్య సర్వీసుకు డాక్టర్లను ఎంపిక చేసే యూపీఎస్సీ కంబైన్డ్ మెడికల్ సర్వీసెస్ పరీక్షకూ కావాల్సిన అర్హత ఎంబీబీఎస్సే. చదువు పెరిగింది, కుర్చీ పాతదే.

విధాన పత్రాల్లో లోటు లేదు. 2002 జాతీయ ఆరోగ్య విధానం కుటుంబ వైద్యం గురించి మాట్లాడింది. 2017 విధానం ఫ్యామిలీ మెడిసిన్‌లో ఎండీ కోర్సులను ప్రోత్సహించాలంది, ఆరోగ్య నిధుల్లో మూడింట రెండొంతులకు పైగా ప్రాథమిక వైద్యానికి ఇవ్వాలంది. 2019 జాతీయ వైద్య కమిషన్ చట్టం ఈ పీజీ కోర్సులను ప్రోత్సహించే బాధ్యతను పీజీ విద్యా మండలికి స్పష్టంగా అప్పగించింది. ఇక మిగిలింది రాష్ట్రాల సర్వీసు నిబంధనల్లో ఒక పోస్టు పేరు, దానికి ఒక జీతం స్కేలు, ఒక పదోన్నతి మెట్టు.

నాలుగో దారి: బోధన, పరిశోధన

ఎంబీబీఎస్ విద్యార్థికి సర్జన్‌ను చూసి సర్జన్ కావాలనిపిస్తుంది. కుటుంబ వైద్యుణ్ని చూడకుండానే చదువు ముగిస్తే ఆ శాఖ గుర్తుకే రాదు. చాలా వైద్య కళాశాలల్లో విడిగా ఫ్యామిలీ మెడిసిన్ విభాగం లేదు. విభాగం లేని చోట అధ్యాపక పోస్టు ఉండదు. అధ్యాపకులు లేని చోట పీజీ సీట్లు రావు. సీట్లు లేకపోతే రేపటి అధ్యాపకులు తయారుకారు. ఈ వలయాన్ని ఎక్కడో ఒకచోట తెంచాలి. మంగళగిరి, బీబీనగర్ సహా కొత్త ఎయిమ్స్‌లలో కమ్యూనిటీ మెడిసిన్‌తో కలిపి ఫ్యామిలీ మెడిసిన్ పేరుతో విభాగాలున్నాయి. అది ఒక ఆరంభం.

పరిశోధనలోనూ చోటుంది. మనం ఈ వ్యాసం మొదట్లో చూసిన 'వెయ్యి మంది' లెక్క అమెరికా, బ్రిటన్‌లది. శ్రీకాకుళం జిల్లాలోనో, ఆదిలాబాద్ జిల్లాలోనో ఆ లెక్క ఎలా ఉంటుంది? ఆ వెయ్యి మందిలో ఎంతమంది ముందు ఆర్ఎంపీ దగ్గరికి, ఎంతమంది నేరుగా మందుల షాపుకు వెళ్తారు? ఈ ప్రశ్నలు అడగడానికి సరైన చోట కూర్చున్నది కుటుంబ వైద్యులే.

ఐదో దారి: ఇంకో నైపుణ్యం జోడించుకోవడం

కొందరు ఫెలోషిప్‌లు, స్వల్పకాలిక కోర్సులు చేసి ఒక వైపు లోతు పెంచుకుంటారు. మధుమేహం, వృద్ధుల వైద్యం, ఎమర్జెన్సీ, పాలియేటివ్ కేర్ అంటే నయంకాని జబ్బుల్లో ఉపశమన వైద్యం, ఇవి ముఖ్యమైనవి. 1993లో కోళికోడ్‌లో చిన్న క్లినిక్‌గా మొదలైన ఉపశమన వైద్యం కేరళ అంతటా ఇంటింటికీ వెళ్లే సేవగా విస్తరించింది. చివరి రోజుల్లో ఉన్న మనిషికి నొప్పి తగ్గించడం, పుండ్లు కడగడం, ఇంట్లోవాళ్లతో మాట్లాడటం కుటుంబ వైద్యానికి సహజమైన కొనసాగింపు.

మిగతా దారులు

కర్మాగారాల్లో కార్మికుల ఆరోగ్యం చూసే డాక్టర్లు కావాలి. దానికి 'అసోసియేట్ ఫెలో ఆఫ్ ఇండస్ట్రియల్ హెల్త్' అనే సర్టిఫికెట్ కోర్సు ఉంది. సింగరేణి, విశాఖ ఉక్కు లాంటి సంస్థలకు సొంత ఆసుపత్రులే ఉన్నాయి. కార్పొరేట్ ఆసుపత్రుల్లో ఎమర్జెన్సీ, హెల్త్ చెకప్ విభాగాలు ఈ పట్టా ఉన్నవారిని తీసుకుంటాయి. అయితే అక్కడ ఏళ్ల తరబడి సాగే పరిచయం అన్న మూల లక్షణం పోతుంది. 2020 మార్చిలో కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు తెచ్చాక దూరవైద్యం మరో వేదికైంది. ఈ-సంజీవని సంప్రదింపులు 2023 ఫిబ్రవరి నాటికే 10 కోట్లు దాటాయి. చేత్తో తాకి చూడకుండా, మాటలతోనే ప్రమాదాన్ని పసిగట్టాల్సిన ఈ పనికి, ఇందాక చెప్పుకున్న లెక్క తెలిసిన డాక్టరు ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

విదేశాలు మరో దారి. గల్ఫ్ దేశాల్లో, బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో కుటుంబ వైద్యులకు గిరాకీ ఉంది. అక్కడి అర్హత పరీక్షలు విడిగా రాయాలి. ఈ వలసకు పాత చరిత్రే ఉంది. బ్రిటన్‌లో 1948లో జాతీయ ఆరోగ్య సేవ మొదలయ్యాక, స్థానిక డాక్టర్లు వెళ్లడానికి ఇష్టపడని వేల్స్ బొగ్గు గనుల లోయల్లో, పారిశ్రామిక పట్టణాల్లో భారత ఉపఖండం నుంచి వెళ్లిన డాక్టర్లే జీపీలుగా నిలబడ్డారు. అదే వేల్స్ గని పల్లెలో పనిచేసిన జూలియన్ ట్యూడర్ హార్ట్ 1971లో ఒక సూత్రం రాశారు. మంచి వైద్యం అవసరం ఎక్కువగా ఉన్న చోటే అది దొరకడం తక్కువగా ఉంటుందని దాని సారం. అక్కడి ఖాళీలను మన డాక్టర్లు పూరించారు. మన ఖాళీలు మనకు మిగిలాయి.

నేపాల్ ఏం చేసింది?

పక్కనే ఉన్న నేపాల్‌ను చూస్తే ఈ చిక్కుముడికి ఒక కొస దొరుకుతుంది. 1982లో త్రిభువన్ విశ్వవిద్యాలయం కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయం తోడ్పాటుతో జనరల్ ప్రాక్టీస్‌లో మూడేళ్ల ఎండీ ప్రారంభించింది. అక్కడ దీన్ని ఎండీజీపీ అంటారు. కొండ జిల్లా ఆసుపత్రిలో ఒంటరిగా నిలబడగలిగేలా వీళ్లను తయారు చేస్తారు. సిజేరియన్ చేయడం, వెన్నులోకి మత్తు ఇవ్వడం, ఎముకలు సరిచేయడం ఈ శిక్షణలో భాగం.

శిక్షణ ఒక్కటే సరిపోలేదు. పట్టా పుచ్చుకున్న వాళ్లు రాజధానిలోనే ఉండిపోవడం అక్కడా జరిగింది. తర్వాత ప్రభుత్వంతో కలిసి నిక్ సైమన్స్ సంస్థ మరో పద్ధతి చేపట్టింది. మారుమూల ఆసుపత్రికి ఎండీజీపీ డాక్టరును పంపడంతో ఆగకుండా, ఉండటానికి క్వార్టర్లు, ఇంటర్నెట్, మత్తు ఇవ్వగల సహాయకులు, నిరంతర శిక్షణ, ఆసుపత్రి కమిటీకి ఊతం, ఇవన్నీ ఒక కట్టగా ఇచ్చింది. దీంతో అంతకుముందు సిజేరియన్ సౌకర్యమే లేని జిల్లా ఆసుపత్రుల్లో ఆపరేషన్లు మొదలయ్యాయి. ఒంటరి డాక్టరును పంపితే ఆయన తిరిగి వచ్చేస్తారు. జట్టును, ఇంటిని, పోస్టును కలిపి ఇస్తే నిలుస్తారు. నేపాల్ పాఠం ఇదే.

మన రెండు రాష్ట్రాల్లో

తెలంగాణలో 2018లో హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు మొదలయ్యాయి, తర్వాత పల్లె దవాఖానాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2023 ఏప్రిల్‌లో 'ఫ్యామిలీ డాక్టర్' పేరుతో ఒక పథకం మొదలైంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఇద్దరు డాక్టర్లుంటే ఒకరు అక్కడే ఉండటం, మరొకరు 104 వాహనంలో ఊళ్లకు వెళ్లడం, అదే డాక్టరు అదే ఊరికి మళ్లీ మళ్లీ రావడం దాని రూపకల్పన. కేరళ 2017లో ఆర్ద్రం మిషన్‌తో ప్రాథమిక కేంద్రాలను కుటుంబ ఆరోగ్య కేంద్రాలుగా మార్చడం మొదలుపెట్టింది.

వీటన్నిటిలో ఉన్న ఆలోచన ఒకటే: డాక్టరు దగ్గరగా ఉండాలి, తెలిసిన మనిషై ఉండాలి. అయితే ఈ చోట్ల పనిచేసేది ఎక్కువగా ఎంబీబీఎస్ డాక్టర్లే. చాలామందికి ఇది పీజీ సీటు వచ్చేదాకా ఆగే మజిలీ. సీటు రాగానే వెళ్లిపోతారు, ఊరికి మళ్లీ కొత్త ముఖం వస్తుంది. నార్వే లెక్కలో కనిపించిన లాభం ఏళ్ల పరిచయానిది. ఏడాదికో డాక్టరు మారే చోట అది రాదు. ఈ కేంద్రాల్లో పనిచేస్తూనే ఫ్యామిలీ మెడిసిన్ పీజీ చేసే అవకాశం, చేశాక అక్కడే ఎదిగే అవకాశం ఉంటే, ఇది మజిలీ కాకుండా వృత్తి అవుతుంది. పథకాల పేర్లలో ఉన్న 'ఫ్యామిలీ డాక్టరు'కూ, పట్టా మీద ఉన్న 'ఫ్యామిలీ మెడిసిన్'కూ మధ్య దారి వేయడం అంటే అదే.

మనం చేయగలిగింది

మే 19ని ప్రపంచ కుటుంబ వైద్యుల దినంగా 2010 నుంచి జరుపుకుంటున్నారు. ఆ రోజు కోసం ఆగకుండా చేయగలిగిన పనులు కొన్ని ఉన్నాయి.

మీకు దగ్గరలో ఉన్న ఒక డాక్టరును ఎంచుకుని చిన్నా పెద్దా సమస్యలన్నిటికీ ముందు ఆయన దగ్గరికో, ఆవిడ దగ్గరికో వెళ్లండి. ఫ్యామిలీ మెడిసిన్ పట్టా ఉంటే మరీ మంచిది.

ఇంట్లో పెద్దవాళ్లు వేసుకునే మాత్రలన్నీ, మందుల షాపులో కొన్నవీ నాటు మందులూ సహా, ఒక సంచిలో వేసుకుని ఏడాదికి రెండుసార్లయినా ఆ డాక్టరు బల్ల మీద పెట్టండి.

స్పెషలిస్టును కలిసి వచ్చాక ఆ చీటీని మీ డాక్టరుకు చూపించండి.

'పరీక్ష అక్కర్లేదు, ఫలానా లక్షణం కనిపిస్తే వెంటనే రండి' అని డాక్టరు చెబితే దాన్ని నిర్లక్ష్యం అనుకోకండి. అది పన్నెండులో ఒకటి, ఏడులో ఆరు లెక్క తెలిసిన మాట కావచ్చు.

ఇంట్లో వైద్య విద్యార్థి ఉండి, పీజీలో ఫ్యామిలీ మెడిసిన్ తీసుకుంటానంటే 'అదేం స్పెషాలిటీ?' అని నిరుత్సాహపరచకండి. మొదట్లో చెప్పుకున్న వెయ్యి మందిలో డాక్టరు కోసం చూసే 250 మందికి కావాల్సింది ఆ డాక్టరే.